ఉత్తర, సుబ్బి, కనకమ్మ: బాల్యవివాహ కారణ విచారము

ఆధునికాంధ్ర సాహిత్యము తన తొలి సాంఘిక సమరమును బాల్యవివాహముతోడను, దాని ఫలమైన బాలవైధవ్యముతోడను సాగించినది. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో నేడు మనము చదువు రూపమును పొందినది. ఈ నాటకముపై మన విద్యార్థులు వ్రాయు సమాధానములు తఱచుగా ఒకే తీరున ముగియుచుండును. కన్యాశుల్క దురాచారము నశించినది. కావున నాటకమునకు గల సాంఘిక ప్రయోజనము చరిత్రగతమైనది. నేటి పాఠకునకు మిగిలినవి హాస్యము, పాత్రపోషణము, వాడుకభాషా సౌందర్యము. ఆ సమాధానమునకు మంచి మార్కులు వేయని అధ్యాపకులు అరుదు. మేమును చిరకాలము వేసితిమి.

ఆ సమాధానమునందు పూర్వార్ధము సత్యము. శుల్కము పోయినది. శుల్కమిచ్చి పసిపిల్లను కొనిన వృద్ధవరుడును పోయినాడు. కాని చిన్ననాటి పెండ్లి పోలేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, ఆంధ్రప్రదేశమున ఇరువదినుండి ఇరువదినాలుగేండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 29.3 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహమైనది. దేశము మొత్తముమీద ఈ సంఖ్య 23.3 మాత్రమే. శతాబ్దమునకు పైగా సంస్కరణ సాహిత్యము గల భాషకు ఇది గర్వకారణము కాదు.

కారణము నశించిన పిదపను కార్యము నిలిచియున్నదన్నచో, మనము చెప్పుకొనిన కారణము ఏకైక కారణము కాదనియైనను, దాని స్థానమున వేఱొక కారణము వచ్చినదనియైనను తలపవలసియున్నది. ఆ కారణమును సాహిత్యమునందు వెదకుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము. ఇందులకు మేము ముగ్గురు స్త్రీలను గ్రహించితిమి. ఒకతె పెన్నాతీరమున తెలుగు మాటలు నేర్చిన ఇతిహాసకన్య ఉత్తర. రెండవది విజయనగరపు నాటకమున పేరుగా మాత్రము మిగిలిన సుబ్బి. మూడవది నెల్లూరు మండలమున పుట్టి, బాల్యముననే పెండ్లాడి, తన కథను తానే వ్రాసికొనిన పొణకా కనకమ్మగారు.

ఇట్టి విచారమునకు మమ్ము పురికొల్పిన సంఘటన నొకదానిని ముందుగా చెప్పుట న్యాయము. పూర్వము మేము నెల్లూరు తీరమున ఒక కళాశాలలో ఇంటర్మీడియట్ తరగతికి పాఠము చెప్పుచుంటిమి. బకింగ్‌హాం కాలువ కావలి పల్లెనుండి బస్సులో వచ్చి చదువుకొను బాలిక యొకతె ఆ తరగతిలో నుండెడిది. ఒకనాడు మేము కన్యాశుల్కము కథను వివరించి ముగింపగా ఆమె లేచి, “సుబ్బిని ఎవురన్నా అడిగినారా సార్?” అని ప్రశ్నించెను. తరగతి నవ్వెను. మేమును నవ్వి, అది పసిపిల్ల, దానిని అడుగుటకేమున్నదని చెప్పి గిరీశము ప్రసంగమునకు మరలితిమి. సంక్రాంతి సెలవుల తరువాత ఆ బాలిక రాలేదు. పెండ్లి యైనదని తోటివారు చెప్పిరి. ఆమెకు పదునెనిమిదేండ్లు నిండలేదు. వరుడు వృద్ధుడు కాడు. మేనమామ కొడుకు, ఆమెకంటె నాలుగైదేండ్లు పెద్దవాడు, పనిపాటలు తెలిసినవాడు. శుల్కము లేదు. తండ్రి లుబ్ధుడు కాడు. కూతురు వెళ్ళునాడు ఏడ్చినాడట. మేము అంతకాలము చెప్పిన పాఠమున ఆ పెండ్లికి చోటే లేదు. ఆమె యడిగిన ప్రశ్నకు మేమిచ్చిన సమాధానమునందలి లోపము మాకు ఆనాడు తెలియలేదు.

ఇక ఉత్తర విషయము. భారతమున విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన నెల్లూరివాడు. మనుమసిద్ధి యాస్థానమున మంత్రి. విరాటపర్వ కథ అందఱెఱిగినదే. బృహన్నల వేషమున అర్జునుడు ఏడాదికాలము విరాటుని కూతునకు నాట్యము నేర్పెను. ఉత్తరగోగ్రహణము ముగిసి, అజ్ఞాతవాసము గడచి, పాండవులు వెల్లడియైన పిమ్మట విరాటుడు కృతజ్ఞతతో కూతును అర్జునున కిచ్చెదననెను. అర్జునుడు తనకు భార్యగా వలదని, తన కుమారుడైన అభిమన్యునకు ఇమ్మనెను. మనము ఈ ఘట్టమును అర్జునుని ధర్మనిష్ఠకు నిదర్శనముగా బోధింతుము. అది సరియే. కాని వ్యాసుని మూలమున అర్జునుడు చెప్పిన హేతువును మఱల పరిశీలింపవలసియున్నది. ఉత్తర వయస్సు వచ్చిన కన్య. తాను ఏడాదిపాటు ఆమెతో అంతఃపురమున నివసించెను. లోకమునకు శంక కలుగుట సహజము. ఆమెను కోడలిగా గ్రహించినచో ఆమె శీలమును, తన శీలమును శుద్ధములని లోకమునకు తెలియును. ఇదియే ఆతడు చెప్పిన కారణము.

ఇచ్చట ధనము లేదు, కామము లేదు, లోభియైన తండ్రి లేడు. అందఱును ఉదాత్తులే. అయినను ఉత్తరను అడిగినవారు లేరు. ఆ వివాహమునకు హేతువు లోకాపవాద భయము. ఇంకను ఎవ్వరును వేయని ప్రశ్నకు ముందుగానే చెప్పిన సమాధానము ఆ వివాహము. దీనిని మేము శంకానివారణ వివాహమని వ్యవహరింతుము.

మఱియొక విశేషము కలదు. బృహన్నల గోగ్రహణ యుద్ధమునకు పోవునపుడు ఉత్తర ఆతనిని ఏమి తెమ్మని కోరినది? కౌరవుల మేలి వస్త్రములను, తన బొమ్మలకై. ఆ పర్వారంభమున కాదు, వివాహప్రస్తావమునకు కొలది దినములకు మునుపే యీ కోరిక. బొమ్మలకు బట్టలు కోరినదియు, లోకము శంకించునంతటి వయస్సు వచ్చినదియు ఒకే బాలిక. బాల్యమునకును స్త్రీత్వమునకును నడుమనున్న ఆ స్వల్పకాలమున ఆమెకు నాట్యశాల యొకటి లభించినది. విద్య యొకటి లభించినది. ఆ విద్యాభ్యాసమే శంకకు హేతువైనది. ఆ శంకయే పెండ్లికి హేతువైనది. యుద్ధము పదుమూడవనాడు అభిమన్యుడు కూలెను. గర్భవతియైన ఉత్తర వైధవ్యముతో మిగిలెను. చదువుకొనిన యేడాదికి ఆమె చెల్లించిన మూల్యమిది.

ఉత్తరనుండి సుబ్బి కడకు వచ్చునప్పటికి కారణము మాఱినది. కన్యాశుల్కము తొలికూర్పు పీఠికలో గురజాడవారు విజయనగరము మహారాజావారి యాజ్ఞచే విశాఖపట్టణ మండలమున మూడు సంవత్సరములలో జరిగిన శుల్కవివాహముల పట్టిక తయారైనదని తెలిపిరి. ఎక్కినవి 1,034. అందు అయిదవ యేట పెండ్లియైనవారు 99 మంది, నాలుగవ యేట 44, మూడవ యేట 36, రెండవ యేట ఆఱుగురు, ఏడాదిపిల్లలు ముగ్గురు. ఈ సంఖ్యలను చదువునప్పుడు మనకు కలుగు దుఃఖము సహజము. కాని విమర్శకుడు దుఃఖముతో నాగరాదు. ఈ పిల్లల విషయమున లోకాపవాదమునకు తావు లేదు. శంకకు సమయమే లేదు. ఇచ్చట పనిచేసినవి రెండు: రజస్వలకు పూర్వమే పెండ్లి కావలెనను ఆచారము, పిల్లకు వచ్చు ధర. ఈ రెండును కలసి బాలికకు బాల్యమునకును భార్యాత్వమునకును నడుమ కాలమే లేకుండ చేసినవి.

కావుననే సుబ్బి నాటకమున పేరుగా నిలిచినదే గాని పాత్రగా ఎదుగలేదు. ఆమె వివాహముచుట్టును కథ యంతయు తిరుగును. తల్లి వెంకమ్మ నూతిలో దుముకును. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టును. మధురవాణి తన తెలివినంతయు వినియోగించును. అందఱును సుబ్బి కొఱకే. సుబ్బి మాత్రము లేదు. ఇది గురజాడవారి లోపము కాదు. వయస్సే లేని బాలికకు వాక్కు ఇచ్చుట అసత్యమగును. లుబ్ధావధానుల యింట పెండ్లికూతురై కూర్చున్నది మగపిల్లవాడనుట కేవలము హాస్యము గాదు. ఆ పీటపై కూర్చున్నది ఎవరైనను ఆ ఇంటికి ఒకటే యనుట అందలి వ్యంగ్యము. మధురవాణిపైనను, గిరీశముపైనను జరిగిన విమర్శతో పోల్చినచో సుబ్బి లేకపోవుటపై జరిగిన విచారము మిక్కిలి స్వల్పము.

చట్టములు చేసిన పని ఇచ్చటనే గ్రహింపవలెను. 1929 నాటి శారదాచట్టము బాలికకు పదునాలుగేండ్లు కనీసవయస్సుగా విధించెను. 1949లో అది పదునైదేండ్లకును, 1978లో పదునెనిమిదేండ్లకును పెరిగెను. 2006లో బాల్యవివాహ నిషేధచట్టము వచ్చెను. ఈ క్రమమును మనము అభ్యుదయముగా లెక్కింతుము, అది అభ్యుదయమే. అయినను ఒక చారిత్రక విచిత్రమును మఱువరాదు. శారదాచట్టము 1930 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చునని తెలియగానే దేశమంతట తల్లిదండ్రులు ఆ గడువునకు లోపలనే తమ పిల్లలకు త్వరత్వరగా పెండ్లిండ్లు చేసిరి. మార్పును నివారింపలేనివారు మార్పునకు ముందే పనిని ముగించుకొనిరి. సంఘము మాఱుచున్నదనునదియే తొందరకు హేతువైనది. ఈ సంగతి నేటి నెల్లూరు తీరమును అర్థము చేసికొనుటకు తాళపుచెవి వంటిది.

ఆ తీరము మాఱినట్లు తెలుగునాట మాఱిన సీమలు కొన్నియే. కాలువపై పడవలు పోయి దారులు వచ్చినవి. వరిమళ్ళు, ఉప్పునేలలు అనేక గ్రామములలో రొయ్యల గుంటలైనవి. ఆ గుంటలు ఒక పంటకు ఇంటిని నిలుపును. మఱియొక పంటకు తెల్లమచ్చ తెగులుతో ఇంటిని ముంచును. కృష్ణపట్టణమున 2008లో కొత్త రేవు వెలసినది. తడ ప్రాంతమున పాదరక్షలు చేయు కర్మాగారములకు ఊరూరనుండి పడుచులు బస్సులలో పోవుచున్నారు. ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14 వఱకు సముద్రమున మరబోట్ల వేట నిషేధము. ఆ రెండునెలలు పట్టపువారి యిండ్లలో మగవారికి పని లేదు. పల్లెపల్లెకు బడి వచ్చినది. బాలిక పదవ తరగతి వఱకు చదువుచున్నది. చేతికి సెల్‌ఫోను వచ్చినది. ఇన్ని మార్పుల నడుమ పదునాఱు, పదునేడేండ్ల పెండ్లి ఎట్లు నిలిచినది?

మేము తీరగ్రామములకు పెండ్లిపాటలు సేకరింపబోయినపుడు తల్లులు చెప్పిన కారణములను వినియుంటిమి. ఆడదానికి చదువెందులకని వాదించినవారు వారిలో లేరు. ఒక తల్లి మాటలు మాకు నేటికిని చెవిలో మ్రోగుచున్నవి: “పొద్దన్నే మేమిద్దరం గుంటల కాడికి పోతాం సార్. పిల్లని ఎవురి దగ్గిర పెట్టి పోవాల? ఆ మాటా ఈ మాటా పడకముందే ఒకింట్లో పెడితే మాకు నిద్రపడద్ది.” వెనుకటి ఉమ్మడి కుటుంబమున ఇంట ముసలివారుండిరి, నేడు కూలికై తల్లియు వాకిలి దాటుచున్నది. పదవ తరగతి వఱకు ఊరిలోనో, కూతవేటు దూరముననో బడి కలదు; ఆ పైచదువు పట్టణమున నున్నది; నడుమ బస్సు ఉన్నది; బస్సునకు ఊరి కన్నులు ఉన్నవి. చదువుకొలది వరుడు చదువుకొనినవాడు కావలెను. వరుని చదువుకొలది కట్నము పెరుగును. కావున చదువు మానిపించుట దుర్మార్గము వలన గాక లెక్క వలన జరుగుచున్నది. రొయ్యపంట తగిలిన యేడు చేతిలో రొక్కము నిలువదు. తరువాతి పంట నమ్మకము లేదు. ఉన్నప్పుడే పెండ్లి చేసివేయుదురు. ‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అను సామెత ఖర్చునకే కాదు, ఖర్చునకు అదను చూచుకొనుటకును వర్తించును.

ఈ కారణములన్నియు వేర్వేఱుగా తోచినను వీటికి ఒకే మూలము కలదని మా యభిప్రాయము. తీరమున పెక్కు కులములలో పెండ్లి సమర్త తరువాతనే జరుగుచుండెడిది. కాని సమర్తకును పెండ్లికిని నడుమ వ్యవధి స్వల్పము. నేటి బడి, నేటి చట్టము, నేటి కర్మాగారము కలసి ఆ వ్యవధిని అయిదాఱు సంవత్సరములకు పెంచినవి. బాలిక జీవితమున ఒక కొత్త కాలమును సంఘము సృష్టించినది గాని ఆ కాలమున ఆమె ఎచ్చటనుండవలెను, ఎవరి రక్షణలో నుండవలెను, ఏమి చేయవలెను అనుటకు వాడుక యేర్పడలేదు. సమర్తను బంధువులెల్ల చూడ వేడుక చేయుదురు. పెండ్లిని ఊరెల్ల చూడ చేయుదురు. నడిమి యేండ్లకు వేడుక లేదు. ఆ వయస్సునకు గౌరవముగల పేరైనను లేదు. పేరులేనిదానికి భయపడుట మానవస్వభావము. ఆ భయమును పోగొట్టుటకు తల్లిదండ్రులకు తెలిసిన ఉపాయము పెండ్లి యొక్కటియే. అనగా విరాటుని కొలువునందలి శంకానివారణ వివాహము, శుల్కవివాహము అంతరించిన తరువాత, పెన్నా సముద్రమున కలియు చోట మరల కాలూనినది.

బాలిక తనంత తానుగా పెండ్లిని కోరుకొనుట లేదా యని ప్రశ్నింపవచ్చును. కలదు. ఇంటివారు సంబంధము చూచుచున్నారని తెలిసి, మనసుపడినవానితో పదునేడవయేట వెడలిపోవు బాలికలు ఉన్నారు. వారు వెడలిపోవుదురను భయముచేత ఇంటివారు మఱింత తొందరపడుదురు. ఆ తొందరను చూచి వారు మఱింత ముందుగా వెడలిపోవుదురు. ఇరుపక్షములును ఒకరి భయమునుండి ఒకరు పరుగెత్తుచుండగా గమ్యము మాత్రము ఒక్కటే. దీనిని స్వేచ్ఛయని పొగడువారును, విచ్చలవిడితనమని నిందించువారును ఒకే పొరపాటు చేయుచున్నారు. ఇంటినుండి బయటికి ఒక్కటే వాకిలి యున్నపుడు ఆ వాకిట నడచినదానిని ఇష్టపడి నడచినదని ఎట్లు చెప్పగలము?

గురజాడవారు ఈ సంగతి నెఱుగుదురు. బుచ్చమ్మ గిరీశముతో వెడలిపోవుటకు కేవలము వలపే కారణము గాదు. తాను వెళ్ళినచో చెల్లెలి పెండ్లి తప్పునని ఆమెను నమ్మించిరి. బాలవితంతువైన అక్కకు తన జీవితముపై లేని అధికారము చెల్లెలి కొఱకు కలిగినది. ఆమె చేసిన యెన్నికలో సగము త్యాగము, సగము మోసపోవుట. ఇంతకన్న సత్యముగా మన సాహిత్యమున ‘వెడలిపోయిన’ పిల్లను చిత్రించిన ఘట్టములు అరుదు. నాటకాంతమున ఆమెకు గురజాడవారు ఇచ్చినది పెండ్లి కాదు. సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని వితంతుశరణాలయమునకు పంప నిశ్చయించును, అనగా చదువునకు. నాటి సంస్కరణసాహిత్యము సామాన్యముగా వివాహముతో ముగియగా ఈ నాటకము వివాహమును ఆపి ముగిసినది. బుచ్చమ్మకు దొరకినది నిర్భయముగా నిలువదగిన ఒక చోటు, కొంత కాలము. పూర్వవిమర్శకులు దీనిని గిరీశమునకు జరిగిన పరాభవముగా చూచిరి. అది బుచ్చమ్మకు కలిగిన అవకాశముగా చూచుట నేటి యవసరము.

నెల్లూరు సీమ సాహిత్యమున ఈ నడిమికాలము ఎట్లున్నది? ఇటీవలి కాలమున ఈ సీమ పలుకుబడికి గౌరవము తెచ్చిన గ్రంథములలో రెండింటిని పేర్కొనవలెను. ఒకటి కావలి నేపథ్యముగా మహమ్మద్ ఖదీర్‌బాబుగారు వ్రాసిన ‘దర్గామిట్ట కతలు’. రెండవది పులికాట్ సరస్సు పరిసరములను, అచ్చటి తెలుగును నిలిపిన స.వెం. రమేశ్‌గారి ‘ప్రళయకావేరి కథలు’. రెండును ఆదరణీయములు, వాడుకపలుకు కథాశిల్పమును ఎంత దూరము మోయగలదో చూపినవి. కాని రెండింటను చెప్పువాడు బాలుడు. రెండును మగపిల్లవాని జ్ఞాపకములు. ఇది ఆ రచయితలపై మేము మోపు దోషము కాదు. ఎవరి బాల్యమును వారు వ్రాసిరి. మేము గమనింపుమనునది వేఱు. బాలునకు తిరుగాడుటకు వీథి యున్నది, చెఱువుగట్టు ఉన్నది, స్నేహితులున్నారు. బాల్యమునకును సంసారమునకును నడుమ పది యేండ్లున్నవి. జ్ఞాపకమునకు నిడివి కావలెను. ఆ నిడివి అతనికి కలదు. అతని అక్కకు లేదు. ఆమె బాల్యము సాహిత్యము కాకపోవుటకు ప్రతిభాలోపము కారణము కాదు, కాలలోపము కారణము.

ఈ లోటును పూరించు గ్రంథము నెల్లూరుననే పుట్టినది. పొణకా కనకమ్మగారు 1892లో జన్మించిరి. అదియే కన్యాశుల్కము తొలిసారి రంగమెక్కిన సంవత్సరము. పదియేండ్లు నిండకమునుపే ఆమెకు పెండ్లియై పొట్లపూడి కోడలైరి. ఆమె బ్రాహ్మణ గృహమునందు పుట్టినవారు కారు; రైతుకుటుంబపు ఆడపడుచు. బాల్యవివాహము అగ్రహారముల వ్యాధి మాత్రమే యనుకొను మన సాహిత్యచరిత్రకు ఇదియే తొలి సవరణ. బడిచదువు ఆమెకు దక్కలేదు. అత్తవారింటనే స్వయంకృషిచే చదివిరి, గ్రంథాలయము నెలకొల్పించిరి, జాతీయోద్యమమున కారాగారమునకు వెళ్ళిరి. 1923లో నెల్లూరున బాలికల కొఱకు కస్తూరీదేవి విద్యాలయమును స్థాపించిరి. 1963లో కీర్తిశేషులైరి. ఆమె యాత్మకథ ‘కనకపుష్యరాగం’ ఆ తరువాత చాలకాలమునకు, 2011లో, గ్రంథరూపమున వెలువడినది.

కనకమ్మగారి జీవితమును చూపి, చిన్ననాటి పెండ్లి చదువునకు అడ్డు కాలేదు గదా యని వాదించువారుండవచ్చును. బండారు అచ్చమాంబగారును పదియవయేట పెండ్లాడి, పిదప చదువు నేర్చి, తెలుగు కథకు తొలి బాటలు వేసినవారే గదా యందురు. ఈ వాదము అసాధారణులను సాధారణముగా లెక్కించుట. వారు పెండ్లి వలన చదువలేదు, పెండ్లియైనను చదివిరి. కనకమ్మగారికి భూవసతి గల యిల్లు, చేరదీసి చదువునకు తోడ్పడిన మిత్రబృందము, దేశమును కదలించిన ఉద్యమము లభించినవి. కాలువ కావలి పల్లెలోని మా విద్యార్థినికి ఏమి లభించినది? ఇంతకన్న బలమైన సమాధానము కనకమ్మగారి చేతలయందే యున్నది. తనకు చదువు దొరకిన మార్గమునే ఆదర్శమని ఆమె భావించియుండినచో విద్యాలయము స్థాపింపనక్కఱలేదు. అత్తవారింట దొంగచాటుగా దొరకిన చదువును తరువాతి బాలికలు పుట్టినింటినుండియే పగటివేళ పొందవలెనని ఆమె బడి కట్టించిరి. గురజాడవారు బుచ్చమ్మకు నాటకాంతమున చూపిన స్థలమును కనకమ్మగారు నెల్లూరున నిజముగా నిర్మించిరి. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదువుట మన పాఠ్యప్రణాళికలలో ఇంకను జరుగవలసియున్నది.

సాహిత్యవిమర్శకు ఇది విషయమా, ఇది సాంఘికశాస్త్రజ్ఞుల పని గాదా యను ఆక్షేపము రాగలదు. మేము దీనిని త్రోసిపుచ్చము. కారణములను కొలుచుట వారి పనియే. కాని కారణములను గుర్తించు కన్ను సాహిత్యము వలన ఏర్పడును. బాల్యవివాహమనగానే మనకు పండుముసలి, మూటగట్టిన వెండిరూపాయలు, ఏడ్చు తల్లి కన్నుల మెదలుచున్నవన్నచో అది సాహిత్యము వేసిన ముద్ర. ఆ ముద్ర బలమైనదగుటచేతనే దానికి సరిపడని పెండ్లి యెదుట జరుగుచున్నను మనము గుర్తింపలేము. మంచి వరుడు, మంచి తండ్రి, మేనరికము, పదునేడేండ్లు: ఈ పెండ్లికి పోయి అక్షతలు వేసి, భోజనము చేసి వచ్చి, మఱునాడు తరగతిలో కన్యాశుల్కము అంతరించినదని బోధింతుము.

పాఠము లోకమును కదలింపజాలదనువారికి ఈ మండలమే సమాధానము చెప్పగలదు. 1991లో నెల్లూరు మండలమున అక్షరాస్యతా ఉద్యమము సాగినది. రాత్రిబడిలో సారాయి వలన చెడిన సంసారమును గూర్చిన పాఠమును స్త్రీలు చదివిరి. ఆ పాఠమున తమ యిల్లే కనబడినది. 1992లో దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధమునకు దారితీసినది. దూబగుంట తీరమున లేదు, మెట్టప్రాంతమున నున్నది. కాని నేర్వవలసిన నీతి ఒక్కటే. చదువరి తన యింటిని చూడగలిగిన పాఠమే పాఠము. సుబ్బి కథలో కాలువ కావలి బాలిక తన యింటిని చూడలేదు, చూచుటకు ప్రయత్నించి ఒక ప్రశ్న యడిగినది, మేము నవ్వితిమి.

పరిశోధక విద్యార్థులకు మేము సూచింపదలచినది ఇంతియే. తీరగ్రామముల పెండ్లిపాటలను సేకరించువారు సమర్తకును పెండ్లికిని నడుమ పాడుకొను పాటలున్నవా, లేనిచో ఏల లేవు అని విచారింపవలెను. స్త్రీల ఆత్మకథలను వివాహవయస్సు ననుసరించి, చదువు లభించిన విధము ననుసరించి పోల్చి చూడవలెను. నెల్లూరు కథలలో బాలుని చూపు, బాలిక మౌనము అను విషయమును కథనశాస్త్ర దృష్టితో పరిశీలింపవలెను. విరాటపర్వమున ఉత్తరను అర్జునుని కీర్తికి భూషణముగా గాక, బొమ్మలకు బట్టలు కోరిన పిల్లగా, నాట్యము నేర్చిన విద్యార్థినిగా మఱల చదువవలెను.

అధ్యాపకులకు మేము సూచింపగల అధికారము లేదు. మా పాఠమునే మేము దిద్దుకొనుచున్నాము. నేడు కన్యాశుల్కము చెప్పునపుడు సుబ్బిని ఎవరైనను అడిగినారా యను ప్రశ్నను మేమే మొదట తరగతియెదుట నుంచుదుము. ఎవరును అడుగలేదని చెప్పి, అడుగు వయస్సు ఆమెకు రానీయలేదని చెప్పి, ఆ వయస్సు వచ్చిన నేటి బాలికను అడుగుచున్నారా యని విడిచిపెట్టుదుము. తరగతి ఇప్పుడు నవ్వుట లేదు. సంక్రాంతి సెలవులు ముగిసిన మఱునాడు హాజరుపట్టిక తెఱచునప్పుడు ఆడపిల్లల పేర్లను మేము కొంత నెమ్మదిగా పిలుచుట అలవాటు చేసికొంటిమి.